పాత చీరలో చుట్టిన తుపాకీ

మా అత్తగారింట్లో తుపాకీ ఉందని పెళ్లిచూపులప్పుడు నాకెవరూ చెప్పలేదు. దాచారని అనను. ట్రాక్టరు ఉందని చెప్పారు, రెండు బోర్లు ఉన్నాయని చెప్పారు, చెరుకు ఎన్ని ఎకరాలో వరి ఎన్ని ఎకరాలో చెప్పారు. తుపాకీ చెప్పుకోదగ్గ వస్తువని వాళ్లకు తోచి ఉండదు. దాని లైసెన్సు మామ వాళ్ల నాన్న కాలం నుంచి ఉంది. ఒంటి గొట్టం, చేతుల చమటకు నల్లబడిన కర్ర, తోలు పట్టీ. చెరుకు మీద పడే అడవి పందుల కోసం.

నేను నిజామాబాద్‌లో పుట్టాను, డిగ్రీ కూడా అక్కడే చదివాను. బోధన్ అవతలి ఈ ఊరికి కోడలిగా వచ్చేదాకా తుపాకీని బ్యాంకు గుమ్మం దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు. ఈ ఇంట్లో అది ముందరి గదిలో, తలుపు వెనక మేకుకు, గొడుగు పక్కన వేలాడేది. అత్తమ్మ టీవీ తుడిచిన బట్టతోనే దాన్నీ తుడిచేది. నేను దూరంగా నిలబడి చూస్తే నవ్వేది.

"ఖాళీదే బిడ్డా. కట్టె లెక్క."

పాప పుట్టి, పాకి, గోడ పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాక నేను ఆ మేకు ఎత్తును కళ్లతో కొలిచేదాన్ని. స్టూలు వేసుకుంటే అందుతుందా, మంచం జరిపితే అందుతుందా అని. ఒకరోజు మామ గమనించి మేకును ఇంకా పైకి కొట్టించాడు.

"సాల్నా కోడలా? లేకుంటె ఇంకో గజం ఎక్కియ్యాల్నా? జెప్పు, పెంకల మీద పెడ్త."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు భయం ఎక్కువని నాకే తెలుసు. గ్యాస్ రెండుసార్లు చూసుకుంటాను. కరెంటు ప్లగ్గుల మీద టేపు అంటిస్తాను. పాపకు ద్రాక్షపళ్లు సగానికి కోసి పెడతాను. మా ఆయన "నీ బిడ్డకు హెల్మెట్ పెట్టి పండుకోబెట్టు" అని ఎగతాళి చేసేవాడు. అందువల్ల తుపాకీ గురించి నా భయం కూడా ద్రాక్షపండు భయంతో పాటే లెక్కలోకి పోయింది. ఆ రెండింటికీ తేడా ఉందని ఆ ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. కొన్నాళ్లకు నాకూ అనిపించడం మానేసింది.

పోయిన చలికాలం మా చెరుకు కోతకు మహారాష్ట్ర నుంచి ముఠా వచ్చింది. మొగుడూ పెళ్లాం జంటలుగా కోస్తారు వాళ్లు. కాలువ గట్టు మీద గుడిసెలు వేసుకుంటారు. చెరుకు కోత చేనుకు ఒక పక్క నుంచి మొదలవుతుంది. కత్తులు ముందుకు వస్తున్నకొద్దీ పందులు లోపలికి జరుగుతూ పోతాయి. చివరి రోజుకు చేను మధ్యలో నాలుగైదు గుంటల చెరుకు, ఎకరంలో పదో వంతు, మిగులుతుంది. పందులన్నీ అందులోనే ఉంటాయి. ఆ సాయంత్రం చుట్టూ మగవాళ్లు నిలబడతారు, కొందరు కర్రలతో, కొందరు కుక్కలతో, తుపాకీ ఉన్నవాళ్లు తుపాకీతో. అదొక వేడుక. పక్క చేన్ల వాళ్లు కూడా వస్తారు.

ఆ రోజు నేను చాయ్ థర్మాస్ పట్టుకుని ట్రాక్టర్ దగ్గర నిలబడి ఉన్నాను. పాప ఇంటి దగ్గర అత్తమ్మతో ఉంది. ట్రాలీ కింద చీరతో కట్టిన ఊయలలో కోత ముఠాలో ఒకామె బిడ్డ నిద్రపోతున్నాడు. ఆమెది నా వయసే ఉంటుంది. ఆమె తెల్లవారుజాము నుంచి కోస్తోంది. చుట్టూ కోసేసిన చేను బోడిగా ఉంది, ఎటు చూసినా మగవాళ్లు. ఆడమనిషి చాటుకు పోవాలంటే మిగిలింది ఆ నాలుగు గుంటల చెరుకే. ఎవరికీ చెప్పకుండా అందులోకి పోయింది. ఎవరికి చెబుతుంది, ఏమని చెబుతుంది?

ఎండాకు చప్పుడైంది. మా మామ పేల్చాడు.

అరుపు వినగానే అది పంది కాదని అందరికీ తెలిసిపోయింది.

తూటాలోని గుండ్లలో ఒకటి ఆమె పిక్కను చీల్చుకుంటూ పోయింది. మిగతావి చెరుకు గడల్లోకి పోయాయి. ఒక జానెడు పైకి తగిలి ఉంటే అన్న ఆలోచన నాకు ఇప్పటికీ వస్తుంది. నా చున్నీతో కాలు కట్టి, ఆటోలో బోధన్ తీసుకుపోయాం. ఆమె మొగుడు బిడ్డ దగ్గర ఉండిపోయాడు. ఆమె తల నా ఒడిలో ఉంది. "బాళ్, బాళ్" అంటోంది. బిడ్డ, బిడ్డ అని. నాకు మరాఠీ అంతవరకే తెలుసు. మా ఆయన ముందు సీటులోంచి వెనక్కి తిరిగాడు.

"డాక్టర్‌తోని నువ్వే మాట్లాడు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు జెప్తె ఇంటరు. చెరుకు మోడు మీద పడ్డది అను."

"అబద్ధం చెప్పాలా?"

"మరి మా బాపు జైలుకు పోవాల్నా? ఈ వయసుల?"

చిన్న ప్రైవేటు దవాఖానా అది. డాక్టర్ గాయాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఏం తగిలిందని అడిగాడు. చెరుకు మోడు అన్నాను. మళ్లీ ఒకసారి గాయం చూసి, నేను చెప్పిందే రాసుకున్నాడు. కాగితంలో వివరాలు నింపమంటే నా చేత్తో నేనే నింపాను. బల్ల మీద పడుకున్న ఆమెకు తెలుగు రాదు. నేను మాట్లాడుతున్నంతసేపూ నా ముఖం చూస్తూ తల ఊపింది. తన తరఫున ఏదో మంచి చెబుతున్నాననుకుంది.

ఆ రాత్రి ఇంట్లో నేను ఒక్కటే మాట అన్నాను. ఈ తుపాకీ ఇంట్లోంచి పోవాలి, లేకపోతే రేపు పొద్దున పోయి నిజం చెబుతాను. మామ అన్నం ముట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. నటన కాదు అది, ఇప్పటికీ అనను. లేచి వచ్చి, నా ఒడిలో నిద్రపోతున్న పాప నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"ఈ బిడ్డ మీద ఒట్టు. పోలీసుటేషన్ల జమ జేస్త. మల్ల ఈ ఇంట్లకు తేను."

ఒట్లు నేను నమ్మను. తప్పితే ఎవరి మీద వేశారో వాళ్లకు కీడని మా అమ్మమ్మ అనేది, అదీ నమ్మను. అయినా ఆ చెయ్యి నెత్తి మీద ఉన్నంతసేపూ పాపను గట్టిగా పట్టుకున్నాను. మనవరాలి మీద అంత మాట అన్నాడంటే ఇక తిరుగు లేదనుకున్నాను. ఆ మాటకు బదులుగా నేను ఆ ఆడమనిషి కాలును వదిలేశాను. మంచి బేరమే అనుకున్నాను కూడా.

కోత అయిపోయి ముఠా వెళ్లిపోయింది. వారం తిరక్కుండా మామ స్టేషన్‌కు పోయి తుపాకీ ఇచ్చి వచ్చాడు. రసీదు తెచ్చి నా ముందు పెట్టాడు.

"సూస్కో కోడలా. నువ్వే సదువు."

చదివాను. తుపాకీ నంబరు చూశాను, ముద్ర చూశాను, సంతకం చూశాను. ఎన్నికల నిమిత్తం జమ అని కూడా రాసి ఉంది. అదీ చదివాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో పెట్టాలని, అయిపోయాక ఎవరివి వాళ్లు తెచ్చుకుంటారని ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా ఆ రెండు మాటలను నా కళ్లు దాటుకుంటూ పోయాయి. ఎన్నికల కోసం ఇచ్చిన తుపాకీని నా కోసం ఇచ్చాడనుకున్నాను. తప్పనిసరిగా చేయాల్సిన పనినే ఆయన నా బిడ్డ మీద ఒట్టుగా వేశాడు.

తలుపు వెనక మేకు ఖాళీ అయింది. మా ఆయన దానికి పాప స్కూలు బ్యాగు తగిలించాడు. ఎన్నికలు అయిపోయాయి. ఎండలు ముదిరాయి. నేను మేకు వైపు చూడటం మానేశాను. పాప ఒక్కతే పక్క గదిలో ఆడుకుంటుంటే వంటింట్లో నిలబడి నిమ్మళంగా పని చేసుకోగలిగాను. అంతకు ముందు అలా ఉండగలనని నాకే తెలియదు. పెళ్లయ్యాక ఆ ఇల్లు నా ఇల్లు అనిపించింది ఆ నాలుగు నెలలే.

వానలు మొదలయ్యే ముందు అత్తమ్మ నన్ను పాత చీర ఒకటి ఇమ్మంది.

"బొంత కుట్టిస్త. మెత్తటిదియ్యి, నూలుది."

పాప పుట్టినప్పుడు దవాఖానాలో కట్టుకున్న నీలం చీర ఇచ్చాను. ఉతికి ఉతికి మెత్తబడింది. అందులోంచే ఒక కొంగు చించి పాపకు మొదటి పొత్తిగుడ్డలు చేశాం. బొంత ఏమైందని నేను తర్వాత అడగలేదు.

దసరా రోజు వాకిలి కడిగి, ఆయుధపూజకు అన్నీ వరుసగా పెట్టారు. కొడవళ్లు, గొడ్డలి, చెరుకు కత్తులు, గడ్డపార, మోటారు రిపేరు సామాను. ట్రాక్టర్‌కు బంతిపూల దండ వేశారు. మామ కొత్త తువ్వాల భుజాన వేసుకుని పీట మీద కూర్చున్నాడు. పాపకు కుంకుమ పళ్లెం ఇచ్చారు. కొత్త గౌను వేసుకుని ఒక్కొక్కదాని ముందూ కూర్చుని, నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా బొట్టు పెట్టింది. గడ్డపారకు మూడు పెట్టింది. చివరిదాకా వచ్చి లేచి నిలబడింది.

"తాతా, పెద్దదానికి పెట్టలే?"

"ట్రాక్టర్‌కు పెట్టినవ్ గద బిడ్డా," అంది అత్తమ్మ.

"ట్రాక్టర్ కాదు నానమ్మా. అమ్మకు జెప్పద్దు అన్నరు గదా, అది."

మామ అగరుబత్తి వైపు చూస్తున్నాడు. మా ఆయన ఫోన్ తీశాడు, చూడటానికి అందులో ఏమీ లేకపోయినా. నేను పాప దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను.

"ఏదమ్మా అది? నాకు చూపిస్తావా?"

పాప తాత వైపు చూసింది. ఆయన ఏమీ అనకపోయేసరికి నా వేలు పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. చివరి గదిలో విత్తనాల సంచులు, పసుపు డ్రమ్ము ఉంటాయి. పాప డ్రమ్ము వెనక సందులోకి చెయ్యి పోనిచ్చింది. మేకు లేదు, స్టూలు అవసరం లేదు. అది పాప ఎత్తుకు సరిగ్గా సరిపోయే చోటు. నేను పాపను వెనక్కి లాగి, నా చెయ్యి పెట్టాను. ముందు మెత్తటి బట్ట తగిలింది. బయటికి తీస్తే నా నీలం చీర. దానిలో తుపాకీ.

"నేను ముట్టలేదమ్మా," అంది పాప నా ముఖం చూసి. తర్వాత, "ఒక్కసారే ముట్టిన. సల్లగుంది."

దాన్ని చీరతోనే పట్టుకుని వాకిట్లోకి తెచ్చి, బంతిపూల మధ్య, కత్తుల పక్కన పెట్టాను. అత్తమ్మ గబగబా అంది.

"ఖాళీదే బిడ్డా. పండుగ పూట లొల్లి వద్దు. ఖాళీదే."

"తెరిచి చూపించు," అన్నాను మా ఆయనతో.

"ఇప్పుడేమిటికి?"

"ఖాళీదే కదా. తెరువు."

అతను కూర్చుని గొట్టం మడిచాడు. ఎర్రటి తూటా ఒకటి జారి నేల మీద పడి, దొర్లుకుంటూ పోయి కుంకుమ పళ్లెం దగ్గర ఆగింది. పాప దాన్ని తీసుకోబోయింది. మా ఆయన పాప చెయ్యి పట్టుకున్నాడు. అతని ముఖం అప్పుడు తెల్లబోయింది. తుపాకీ ఇంట్లో ఉందని అతనికి తెలుసు. నిండుగా ఉందని తెలియదు. ఆ ఇంట్లో ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నవి ఎన్ని ఉన్నాయో ఆ క్షణాన వాళ్లకే తెలిసి ఉండదు.

"పందులు జెప్పి వస్తయా?" అన్నాడు మామ. "ఒక్క రాత్రిల అర ఎకరం పండబెడ్తయి. అప్పుడు తూటా యాడున్నదని దేవులాడాల్నా?"

"పాప మీద ఒట్టు వేశారు మామా."

"ఏసిన. ఏసినప్పుడు నిజంగనే ఏసిన బిడ్డా. ఆ యాళకు అది నిజమే."

"ఎవరు తెచ్చారు స్టేషన్ నుంచి?"

మా ఆయన నేల చూస్తూ, "బాపు ఒక్కడే పోలేడు గదా" అన్నాడు. నాకు ఆ రోజు గుర్తుకొచ్చింది. మోటారు వైండింగ్‌కు బోధన్ పోతున్నామని తండ్రీకొడుకులు బండి మీద పోయారు. వస్తూ జిలేబీ తెచ్చారు. నేను తిన్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"జెప్తె ఊకుంటవా? నీకు దేనికి భయంగాదు జెప్పు."

"పాపకు ఎందుకు చెప్పారు?"

అందుకు మామ జవాబిచ్చాడు. "దానికి జెప్పలే. అది సూసింది. సూసినంక ఏం జెయ్యాలె? అమ్మ భయపడ్తది, అమ్మకు జెప్పకు అన్న."

నాకు భయం కలగకూడదని ఆ బరువును అయిదేళ్లు నిండని పిల్ల మీద పెట్టారు. వానాకాలమంతా అది మోసింది. నా పక్కనే పడుకుని, నా మెడ చుట్టూ చెయ్యి వేసి, నాకు చెప్పకుండా మోసింది.

మర్నాడు పొద్దున బస్సులో పాపను తీసుకుని నిజామాబాద్ వచ్చాను. మా అమ్మ మొదట పాపను, తర్వాత నా సంచిని, తర్వాత నన్ను చూసింది. విషయం విని, "మగవాళ్లకు చేను భయం ఉంటుందే" అంది. ఆ రాత్రి పాప నిద్రపోయాక దరఖాస్తు రాశాను. ఇంట్లో పిల్లలు ఉన్నప్పుడు తుపాకీ తాళం వేసిన ఇనుప పెట్టెలో ఉండాలని, తూటాలు దానితో కాకుండా వేరే చోట ఉండాలని, అలా ఉన్నాయో లేవో ముందుగా చెప్పకుండా ఎవరైనా వచ్చి చూడాలని రాశాను. లైసెన్సు తిరగరాసే ముందు ఆ ఇంటి ఆడవాళ్లను, మగవాళ్లు పక్కన లేకుండా అడగాలని, కూలీలు చేన్లో ఉన్నంతసేపు ఎవరి చేతిలోనూ తుపాకీ ఉండకూడదని రాశాను. చదివి చూసుకుంటే ఏదో పరీక్షలో జవాబులా ఉంది. నేను అసలు చెప్పాల్సింది అందులో లేదు. ఇంకో కాగితం తీసి, చెరుకులోకి పోయిన ఆడమనిషి గురించి, దవాఖానాలో నేను చెప్పిన అబద్ధం గురించి రాశాను. రాయడానికి రెండు గంటలు పట్టింది. అది సగం పేజీ కూడా లేదు.

మర్నాడు అత్తగారి ఊరు ఏ స్టేషన్ కిందికి వస్తుందో ఆ స్టేషన్‌కు ఒక్కదాన్నే పోయాను. బల్ల దగ్గర ఒక పెద్దాయన రాసుకుంటున్నాడు. పక్కన ఒక ఆడ కానిస్టేబుల్ ఉంది.

"ఏంగావాలమ్మా?"

"మా మామ తుపాకీ గురించి వచ్చాను."

"పోయిందా?"

"లేదు. ఇంట్లోనే ఉంది."

"మరింకేంది? లైసెన్సు లేదా?"

"ఉంది."

"లైసెన్సు ఉన్న తుపాకి ఇంట్ల గాకుంటె యాడుంటదమ్మా?"

పాప గురించి, పసుపు డ్రమ్ము గురించి, తూటా గురించి చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టాడు. భద్రంగా పెట్టుకుంటామని రాసిచ్చి సంతకం పెడతారని చెప్పాడు.

"పెట్టారో లేదో ఎవరైనా వచ్చి చూస్తారా?"

"సూస్తానికి మనుషులేరి?"

"ఇంట్లో వాళ్లనైనా అడుగుతారా?"

ఆయన నవ్వాడు. "ఆడోళ్లనడిగితె జిల్లాల ఒక్క లైసెన్సు గూడ రెన్యువల్ గాదు."

"అడగాల్సిందే సార్," అంది ఆడ కానిస్టేబుల్ తల ఎత్తకుండా. ఆయన నవ్వు ఆగింది.

అప్పుడు రెండో కాగితం ఇచ్చాను. నెమ్మదిగా చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఇది ఎవరు రాయమన్నరు?"

"ఎవరూ అనలేదు."

"ఇదిస్తె మీ మామకే గాదు, నీకూ తిప్పలే. ఎరికేనా?"

"ఎరికే."

"దెబ్బ తాకినామె పేరేంది?"

దవాఖానా కాగితంలో పేరు గడి నింపింది నేనే. అప్పుడు మా ఆయన ఏదో ఒక పేరు చెప్పాడు, నేను రాశాను. ఆమెను అడగలేదు. ఆమె తల నా ఒడిలో పెట్టుకుని అన్ని మైళ్లు పోయాను, పేరు అడగలేదు.

"తెలియదు."

"ఏ ఊరు?"

"మహారాష్ట్ర."

"మహారాష్ట్ర ఊరు గాదమ్మా."

ఆయన ఎగతాళి చేయలేదు. అందుకే ఎక్కువ తగిలింది. నన్ను మోసం చేశారని రెండు రోజులుగా ఏడుస్తున్నాను. మోసపోయినవాళ్ల వరసలో నా కంటే ముందు ఒకామె ఉంది. నన్ను మోసం చేసింది ఎవరో నాకు తెలుసు. ఆమెకు తెలియదు. నేను ఆమె మేలు కోరి మాట్లాడానని ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది.

ఎస్సై సాయంత్రం మామను పిలిపించాడు. విచారణ తేలేదాకా తుపాకీ స్టేషన్‌లో ఉంచమన్నాడు. మామ తెచ్చి ఇచ్చాడు. నా రెండు కాగితాలకూ నకళ్ల మీద ముద్ర వేసి ఇచ్చారు. కోత ముఠాలు వచ్చాక వాళ్లను తెచ్చే ముకద్దంను పట్టుకుని ఆమె ఎవరో కనుక్కుంటామన్నారు. పోయినేటి ముఠానే వస్తుందన్న నమ్మకం లేదు. విచారణలో ఏమీ తేలకపోతే తుపాకీ మళ్లీ ఇంటికి వస్తుంది. చట్టం ప్రకారమే వస్తుంది.

ఇది జరిగి మూడు వారాలు. అత్తమ్మ ఒకసారి ఫోన్ చేసింది. "ముసలాయనను టేషన్ మెట్లెక్కిచ్చినవ్. సల్లగుండు బిడ్డా" అని పెట్టేసింది. మామ మాట్లాడలేదు. ఆయన మీద నాకు కోపం ఒక రోజు ఉంటుంది, ఒక రోజు ఉండదు. పాపకు చెరుకు ముక్క నమలడం నేర్పింది ఆయనే, పిప్పి ఉమ్మడం కూడా.

మా ఆయన మాత్రం రోజూ చేస్తాడు.

"తుపాకి పోయింది గద. ఇగ రా."

"మళ్లీ రాదని ఏంటి నమ్మకం?"

"నేనంటున్న గదా."

అతనికీ ఆ మాట సరిపోదని తెలుస్తుంది. "మరి ఏం జేస్తె నమ్ముతవ్?" అంటాడు. నేను చెబుతాను, ప్రతిసారీ అదే. లైసెన్సు వాపసు ఇచ్చేస్తున్నామని మామ రాసివ్వాలి, లేదంటే పోలీసులు ఎప్పుడంటే అప్పుడు ఇంటికి వచ్చి చూసే రూలు రావాలి. "మన ఇంట్లకు పోలీసులొచ్చి సూసుడేంది, మనమేం దొంగలమా" అంటాడు. ఒకప్పుడు నేనూ అలాగే అనేదాన్ని. ఇంట్లో వాళ్ల మాట మీద బతికినన్నాళ్లు చట్టం ఎవరికో వేరేవాళ్లకు అనిపిస్తుంది. నా బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఇచ్చిన మాట డ్రమ్ము వెనక నిండు తూటాతో దొరికాక, నాకు ఇక ఎవరి మంచితనమూ అక్కర్లేదు. తాళం కావాలి, ఆ తాళాన్ని వచ్చి చూసే మనిషి కావాలి.

మొన్న ఆదివారం అతను ఫోన్ చేసినప్పుడు పాప మాట్లాడతానంది. ఫోన్ ఇచ్చాను. కాసేపు ఇక్కడే నిలబడి స్కూలు గురించి, అమ్మమ్మ ఇంటి కుక్కపిల్ల గురించి చెప్పింది. తర్వాత ఊరుకుని వినసాగింది. వింటూ వింటూ నా వైపు వీపు తిప్పింది. అలాగే నడుచుకుంటూ బాల్కనీలోకి పోయి తలుపు దగ్గరికి వేసింది. తలుపు అద్దంలోంచి చూస్తున్నాను. తల ఊపుతోంది. సరే, సరే అంటోంది.

లోపలికి వచ్చి ఫోన్ నా చేతికిచ్చింది. తెర ఆరిపోయి ఉంది.

"డాడీ ఏమన్నాడమ్మా?"

నా ముఖం చూసింది. ఏం చెప్పాలో ఆలోచించుకోవడం ఆ కళ్లలో స్పష్టంగా కనిపించింది.

"ఏం లేదు," అంది.